కాయకము చేయువారు కూలి అడుగరాదా?

మొన్నటి ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు మా చెల్లెలి మనుమరాలు హైదరాబాదు నుండి వచ్చినది. ఇంజనీరింగు చదివి, ఆరేండ్లుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేయుచున్న పిల్ల. తేరు లాగిన మరునాటి సాయంకాలము, ఇంటిల్లిపాదియు అలసి అరుగు మీద కూర్చున్న వేళ, సంచిలో నుండి ఒక ఇంగ్లీషు పుస్తకము తీసి నా చేతిలో పెట్టినది.

"తాతా, ఇది మా మేనేజరు ఇచ్చినాడు. జీతం గురించి మాట్లాడదామని పోయినా. ముందు ఈ పుస్తకం చదువమ్మా, పెద్దవాళ్లు ఎట్లా పెద్దవాళ్లయినారో తెలుస్తుంది అన్నాడు. పని బాగా చేస్తా ఉంటే జీతం దానంతట అదే వస్తుందంట, అడగాల్సిన పని లేదంట. మీరు కూడా ఎప్పుడూ కాయకం, కాయకం అని చెప్తా ఉంటారు కదా. ఆయన చెప్పేదీ మీరు చెప్పేదీ ఒకటేనా?"

తన తరువాత రెండేండ్లకు చేరిన ఒక యువకుని జీతము తన జీతము కంటె హెచ్చని ఆమెకు ఎట్లో తెలిసినదట. ఇద్దరిదీ ఒకే పని. ఆ యువకునికి పని నేర్పినదియు ఈమెయే.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. నలుబదేండ్లు బడిపంతులుగా ఉండి, ఎమ్మిగనూరు ఆదోనులలో బసవజయంతి సభలందు కాయకమును గూర్చి ఎన్ని మారులు మాట్లాడితినో లెక్క లేదు. ఐనను, ఆ మాటను యజమాని తన మేలునకు వాడుకొనవచ్చునన్న సంగతి నాకు ఎన్నడును తోచలేదు. ఆమె మూడు దినములుండి పోయినది. పుస్తకము నా యొద్దనే విడిచినది. నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు వారములలో దానిని పూర్తిచేసితిని. ఈ వ్యాసము ఆమెకు చెప్పవలసిన సమాధానమును వెదకుకొను ప్రయత్నమే.

పుస్తకము పేరు 'హిట్ రిఫ్రెష్'. 2017లో వెలువడినది. వ్రాసినవారు మైక్రోసాఫ్ట్ అను అమెరికా సంస్థకు 2014 ఫిబ్రవరి 4 నుండి ముఖ్య కార్యనిర్వహణాధికారిగా ఉన్న శ్రీ సత్య నాదెళ్ల. బిల్ గేట్స్, స్టీవ్ బామర్‌ల తరువాత ఆ పీఠమున కూర్చున్న మూడవ వ్యక్తి. 1967లో హైదరాబాదులో జన్మించినారు. తండ్రి బి.ఎన్. యుగంధర్‌గారిది మన పొరుగుననున్న అనంతపురం జిల్లా బుక్కాపురము. ఆయన ఐ.ఎ.ఎస్. అధికారిగా గ్రామీణాభివృద్ధి రంగమున మంచి పేరు గడించి, ముస్సోరీలోని శిక్షణా అకాడెమీకి డైరెక్టరుగాను, పిమ్మట ప్రణాళికా సంఘ సభ్యులుగాను పనిచేసి 2019లో కీర్తిశేషులైనారు. తల్లి ప్రభావతిగారు సంస్కృత విదుషీమణి. కనుక ఇది ఏడు సముద్రముల ఆవలి కథయే ఐనను, దాని వేరు మన రాయలసీమ మెట్ట నేలలోనే కలదు.

బాల్యమును గూర్చి ఆయన చెప్పిన ఒక ముచ్చట నాకు మిక్కిలి నచ్చినది. తండ్రి పిల్లవాని గదిలో కారల్ మార్క్సు పటము తగిలించినాడట. తల్లి ఊరకుండక లక్ష్మీదేవి పటము తెచ్చి పెట్టినదట. పిల్లవానికి మాత్రము కావలసినది హైదరాబాదు క్రికెటు వీరుడు ఎం.ఎల్. జయసింహ పటము! పెద్దలు తమ తమ ఆశలను గోడకు మేకు కొట్టి వ్రేలాడదీయుదురు. పిల్లలు ఇంకెటో చూచుచుందురు. ఆ పిల్లవాడే ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో తప్పినాడు; మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివినాడు; అటుపిమ్మట అమెరికా వెళ్లి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరినాడు. పదవ తరగతి కాకమునుపే పిల్లలను కోచింగు హాస్టళ్లకు తరుముచున్న మన ఆదోని, ఎమ్మిగనూరుల తల్లిదండ్రులు ఈ ఒక్క పుటనైనను చదువుట మేలు.

ఇట్టి గ్రంథములలో సాధారణముగా కనబడు ఆత్మస్తుతి ఇందులో తక్కువ. నాయకత్వమును గూర్చి క్రికెటు మైదానమున తాను ఎంతో నేర్చితినని ఆయన చెప్పుచున్నారు. అందొక సంఘటన. ఆయన విసరు బంతులను ఎదుటివారు చితకబాదుచున్నారు. జట్టు నాయకుడు బంతిని తాను తీసికొని, ఒక వికెట్టు పడగొట్టినాడు. లోకరీతి ననుసరించి ఆ నాయకుడే కొనసాగవలె. పేరు ఆయనకే రావలె. కాని ఆయన వెంటనే బంతిని మరల నాదెళ్లవారికి ఇచ్చివేసినాడు. ఆ ఆటలో నాదెళ్లవారు ఏడు వికెట్లు తీసికొన్నారు. ఏటి పొడుగునను తన జట్టుకు పనికిరావలసిన కుర్రవాని ధైర్యము ఒక్క దినమున చచ్చిపోరాదని ఆ నాయకుడు తలచియుండునని ఆయన ఊహ.

ఈ ఘట్టమును చదివినప్పుడు పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని. కొత్తగా వచ్చిన పంతులు తరగతిలో అల్లరిని అదుపుచేయలేనప్పుడు, నేను లోనికి పోయి పిల్లలను నిశ్శబ్దము చేసి, ఆ మీదట పాఠము కూడ నేనే చెప్పి వచ్చిన సందర్భములు అనేకము. సహాయము చేసితినని అనుకొంటిని. బంతి తిరిగి ఇచ్చితినా అని ఎన్నడును ఆలోచింపలేదు.

రెండవది పసిబిడ్డ కథ. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగమునకు పోయినప్పుడు ఒక అధికారి అడిగిన కడపటి ప్రశ్న: నడివీధిలో ఒక పసిబిడ్డ పడి ఏడ్చుచున్నది, నీవేమి చేయుదువు? లెక్కలకు, యంత్రములకు సిద్ధపడి వచ్చిన యువకుడు, అత్యవసర సహాయమునకు ఫోను చేయుదునన్నాడు. ఆ అధికారి ఆయనను వెలుపలికి సాగనంపుచు, ముందు బిడ్డను ఎత్తుకొనవలెనయ్యా అన్న భావము వచ్చునట్లు చెప్పినాడట.

ఆ మాట యొక్క అర్థము ఆయనకు నిజముగా తెలిసినది తరువాతనే. 1996లో కలిగిన తొలి కుమారుడు జైన్, గర్భమున ప్రాణవాయువు అందక సెరిబ్రల్ పాల్సీ అను వైకల్యముతో పుట్టినాడు. తనకేల ఇట్లు జరిగినదని తండ్రి చాలకాలము కుమిలినాడు. శస్త్రచికిత్స నుండి ఇంకను తేరుకొనని భార్య అనుగారు మాత్రము మారుమాట లేక బిడ్డను దినదినము చికిత్సలకు కారులో తీసికొనిపోవుచుండెను. ఆమెను చూచి చూచి, జరిగినది తనకు కాదు బిడ్డకు అని ఆయన గ్రహించినాడు. ఆ కుమారుడు 2022లో తన 26వ యేట మరణించినాడు. గ్రంథమంతటను ఆయన నొక్కి చెప్పు సహానుభూతి అను గుణము ఉపన్యాసములలో నేర్చినది కాదు, ఇంటిలో నేర్చినది. దీనిని శంకించుటకు నాకు మనసొప్పదు.

ఇంతవరకు మేనేజరుగారు ఈ పుస్తకమును ఎందుకు కానుక ఇచ్చినారో తెలియుచునే యున్నది. కాని ఆయన పుస్తకమును పూర్తిగా చదివినారో లేదో నాకు అనుమానము. ఏలనన, మా మనుమరాలి ప్రశ్నయే ఇందులో కలదు. దానికి సమాధానము మేనేజరుగారు చెప్పినదానికి సరిగా వ్యతిరేకముగా కలదు.

2014 అక్టోబరులో, అనగా పదవిలోనికి వచ్చిన ఎనిమిది నెలలకు, అమెరికాలోని ఫీనిక్స్ నగరమున కంప్యూటరు రంగమందలి స్త్రీల మహాసభ జరిగినది. గ్రేస్ హోపర్ అను గణితవేత్త పేరిట జరుగు సభ అది. వేదిక మీద నాదెళ్లవారిని ప్రశ్నించినది మరియా క్లావే అను విద్యావేత్త. ఆమె మైక్రోసాఫ్ట్ డైరెక్టర్ల బోర్డులో సభ్యురాలు కూడ. జీతము పెంచుమని అడుగుటకు సంకోచించు స్త్రీలకు మీరేమి సలహా ఇత్తురని ఆమె అడిగినది. అడుగుట ముఖ్యము కాదు, వ్యవస్థయే తగిన ఫలమును ఇచ్చునని నమ్మవలె, అడుగకుండుట మంచి కర్మ, అది తిరిగి ఫలించును అని ఆయన తాత్పర్యము. ఆ మాటతో తాను ఏకీభవించనని క్లావేగారు ఆ వేదిక మీదనే చెప్పినారు. సభ ముగియకమునుపే లోకమంతటను నిరసన చెలరేగినది.

ఆయన ఆనాడే సంస్థలోని ఉద్యోగులందరికిని లేఖ వ్రాసి, నేను పూర్తిగా తప్పు సమాధానము చెప్పితినని ఒప్పుకొన్నారు. పని ఒక్కటే ఐనప్పుడు జీతము ఒక్కటే కావలెనని, తమకు న్యాయమని తోచినప్పుడు నోరు తెరచి అడుగవలెనని వ్రాసినారు. తనలో తనకే తెలియక దాగియున్న పక్షపాతమును ఆ పొరపాటు తనకు చూపినదని పుస్తకమున చెప్పుకొన్నారు. గొప్పవారి ఆత్మకథలలో ఇట్టి పుటలు అరుదు. పొరపాట్లు సాధారణముగా ఇతరులవై యుండును.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది అందులోని 'కర్మ' అను మాట. అమెరికా వేదిక మీద ఆ మాట వినుటకు వింతగా, వేదాంతముగా ఉండవచ్చును. మన ఊళ్లలో దాని చరిత్ర వేరు. 'వాని కర్మ' అని ఒక మారు అన్నచో ఇక లెక్క చూడనక్కరలేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణములో శరణులు ప్రధానముగా ఎదుర్కొన్నది ఈ లెక్క చూడనితనమునే. పూర్వజన్మ చేసినదానికి నీవు చెప్పులు కుట్టవలె, నీవు బట్టలుతుకవలె, నోరెత్తరాదు అన్న న్యాయమునకు బదులుగా వారు కాయకమను మాటను ముందుంచినారు. చెప్పులు కుట్టువాడు, తాడు పేనువాడు, బట్టలుతుకువాడు మంత్రితో సమానముగా కూర్చుండి మాట్లాడినారు. కర్మము నోరు మూయించినది, కాయకము నోరు తెరిపించినది. ఈ రెండింటిని ఒకటిగా కలిపి వాడుట అజ్ఞానమైనను కావలె, సౌకర్యమైనను కావలె.

ఇంతవరకు ఫోనులో మా మనుమరాలికి చెప్పితిని. ఆమె ఊరకున్నచో ఈ వ్యాసము ఇక్కడనే ముగిసెడిది. "మరి లక్కమ్మ కథ ఏం చేస్తావు తాతా?" అని అడిగినది.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన పాఠకులు ఎరుగనిది కాదు. ఆయ్దు అనగా ఏరుట, అక్కి అనగా బియ్యము. కన్నడము ఇంటి భాషగా ఉన్న మన పశ్చిమ తాలూకాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను ఏరుకొని వచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు గింజలు ఎక్కువగా పడియుండుట చూచి, ఆయన సంచి నిండుగా తెచ్చినాడు. లక్కమ్మ తూచి చూచినట్లు చూచి, ఇది మన నిత్యపు కొలత కాదు, ఎక్కువైనది ఎక్కడిదో అక్కడనే చల్లి రమ్మని భర్తను వెనుకకు పంపినది.

"ఆమె ఎక్కువైంది వెనక్కి ఇచ్చేయమంది. తక్కువైంది, ఇంకా కావాలి అనలేదు కదా. ఆ లెక్కన మా మేనేజరుదే న్యాయం అయితాది." ఇది ఆమె వాదము.

వాదము గట్టిది. రెండు దినములు దానితో పెనుగులాడితిని. చివరకు నాకు తోచినది ఇది. లక్కమ్మ కథ తక్కువతో తృప్తిపడుమని చెప్పు కథ కాదు. అది కొలతను గూర్చిన కథ. ఎక్కువ అని ఆమె చెప్పగలిగినది, ఎంత తమదో ఆమెకు తెలియును గనుక. ముంగిట పడిన గింజలు అందరి కంటికిని కనబడునవే. ఏరువారు ఎందరు, గింజలు ఎన్ని, తమ ఇంటి ఖర్చు ఎంత — ఇందులో దాగినది ఏదియు లేదు. కొలత కనబడుచున్న చోట ఎక్కువైన దానిని తిరిగి ఇచ్చుట ధర్మము. అదే కొలత తక్కువైనదని కనబడినప్పుడు తక్కువైన దానిని అడుగుటయు అదే ధర్మమునకు రెండవ వైపు. కొలతనే దాచిపెట్టి, అడుగవద్దు, నమ్ముము అనువాడు లక్కమ్మ నోటిని ముందుగానే కట్టివేసినాడు. ఎక్కువ ఇచ్చినను ఆమె తిరిగి ఇయ్యలేదు. తక్కువ ఇచ్చినను అడుగలేదు.

కూలి లేని పనికి శరణులు కాయకమని పేరు పెట్టలేదు. నులియ చందయ్య తాడు పేని సంతలో అమ్మినాడు, ధర పుచ్చుకొన్నాడు. న్యాయమైన ధర కంటె ఎక్కువ వచ్చినప్పుడు ఆయన ఒప్పుకొనలేదని చెప్పుదురు. తాడును ఊరకే పంచిపెట్టినాడని ఎవరును చెప్పలేదు. దాసోహమన్నది సంపాదించిన దానిని సమర్పించుట. సంపాదన చేతికి రాకమునుపే ఎవరో దానిని మిగిలించుకొన్నచో దాసోహము చేసినది ఎవరు?

ఈ సందర్భమున మన పొలములను ఒకమారు చూడవలె. కోసిగి, కౌతాళం, మంత్రాలయం ప్రాంతముల నుండి ప్రతి యేడును వేలాది కుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు వలస పోవుచున్నవి. బండి యెక్కకమునుపే ఆడుకూలీలు మేస్త్రీని అడుగు మొదటి మాట, కూలి ఎంత, పోనురాను చార్జీలు ఎవరివి అని. ఆదోని చుట్టుపట్ల పత్తి తీయుటకు పోవు స్త్రీ చేను గట్టు మీద నిలిచి, కిలోకు ఎంత ఇస్తారో చెప్పనిదే లోనికి అడుగు పెట్టదు. ఆమెకు ఎవరును పుస్తకము కానుక ఇయ్యలేదు. అడిగినందుకు ఆమెను దురాశపరురాలనియు ఎవరును అనరు. ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్న ఆమె చెల్లెలికి మాత్రము అడుగుట అమర్యాద అని నేర్పుచున్నాము. చదువు పెరిగినకొలది ఈ సిగ్గు పెరుగుట ఏమి చిత్రమో నాకు తెలియదు.

కొలతను బయట పెట్టుట నాయకుని పని. దానికి మన ఊరిలోనే ఒక దృష్టాంతము కలదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఎమ్మిగనూరు చేనేతగాండ్ర సహకార సంఘము ఏర్పడినది. 1954లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చినది. మా యింటి తరము వారికి 'సొసైటీ' అన్న ఒక్క మాట చాలును. అంతకు ముందు నేతగాడు షావుకారి నూలు తెచ్చుకొని, షావుకారి లెక్క ప్రకారము కూలి పుచ్చుకొనెడివాడు. బాకీ ఎంతో, కోత ఎంతో షావుకారి బుర్రలోనే ఉండును. సహకార పద్ధతిలో తూచి ఇచ్చిన నూలు, తిరిగి వచ్చిన బట్ట, దానికి కూలి — మూడును పుస్తకములోనికి ఎక్కవలె. పక్క మగ్గము వానికి ఎంత వచ్చినదో ఇతనికి తెలియును. దుప్పట్లు, తువాళ్లు, కర్టెన్ల మూలముగా ఊరి పేరు దూరదేశములకు పోయినది నిజమే. నా దృష్టిలో అంతకంటె గొప్పది ఆ కూలి పట్టిక. నేడు సొసైటీకి పూర్వపు వైభవము లేదు. మరమగ్గములు వచ్చినవి, నూలు ధరలు పెరిగినవి, నేతగాండ్ర బిడ్డలు మగ్గపు గుంటను పూడ్చి వేరు పనులకు పోయినారు. ఆ కథ ఇక్కడ వద్దు.

ఐతే ఆ పుస్తకములో సైతము ఒక పేరు లేదు. మాది మగ్గపు ఇల్లు. మా నాయన నేసెడివాడు. మా అమ్మ తెల్లవారుజామున లేచి రాట్నము మీద కండెలు చుట్టెడిది. ఆమె చుట్టిన కండె లేనిదే నాడె కదలదు. కూలి మాత్రము బట్టకు, అనగా నేసిన వానికి. ఇంటికి వచ్చునది ఇంటిదే కదా అని అందరును సమాధానపడినారు. అమ్మయు అడుగలేదు. నాదెళ్లవారు తన తల్లిని, భార్యను తలచుకొన్న పుటలు చదువునప్పుడు నాకు గుర్తుకు వచ్చినది ఆ రాట్నపు చప్పుడు.

ఇక చెప్పవలసిన దానిని దాచిపెట్టి పెద్దమనుష్యునివలె వ్యాసము ముగించుట న్యాయము కాదు. ప్రభుత్వోద్యోగమునకు పూర్వము కొంతకాలము నేను ఒక ప్రైవేటు పాఠశాలలో ప్రధానోపాధ్యాయునిగా ఉంటిని. చిన్న పిల్లల తరగతులకు ఒక ఉపాధ్యాయురాలు ఉండెను. భర్త లేనిది, ఇద్దరు పిల్లలు. నలుగురి పని చేసెడిది. ఆమె తరువాత చేరిన ఒక యువకుడు, ఇంకొక చోట ఎక్కువ ఇత్తురని రెండు మారులు నన్ను బెదరించి, రెండు మారులును జీతము పెంచించుకొన్నాడు. ఆమె మూడేండ్లలో ఒక్కమారు నా గదికి వచ్చి, తలుపు దగ్గరనే నిలిచి, "సారూ, నా విషయం కొంచెం చూడండి" అన్నది. నేను ఏమంటినో అక్షరము తప్పక గుర్తున్నది: "అమ్మా, నువ్వు చేసేది ఉద్యోగం కాదు, కాయకం. శివుడు చూస్తానే ఉన్నాడు." ఆమె నమస్కరించి పోయినది. ఆ నెలలో జీతముల పద్దులో కొంత మిగులు కలదని నాకు తెలియును. మరుసటి యేడు ఆమె ఊరు విడిచినది.

మా మనుమరాలి మేనేజరును తప్పుపట్టుటకు కూర్చున్న నాకు ఆయన మాటలో వినబడినది నా గొంతే. ఆయన పుస్తకము ఇచ్చినాడు. నేను అదియు ఇయ్యలేదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో భండారము లెక్కించు ఘట్టము మనకు తెలుగులోనే కలదు. జంగములకు బిజ్జలుని ధనము పంచిపెట్టుచున్నాడని ఓర్వలేనివారు కొండెములు చెప్పగా, రాజు లెక్క అడిగినాడు. బసవన్న కోపించలేదు, నన్ను నమ్ముమని ప్రాధేయపడలేదు. భండారము తెరిపించి లెక్కింపుమన్నాడు. లెక్క సరిపోయినది. మనము దీనిని మహిమగా చెప్పుకొని చేతులు జోడింతుము. మహిమ సంగతి భక్తుల విశ్వాసము. కాని దండనాయకుడైనవాడు, పెట్టె తాళము తన మొలనున్నవాడు, లెక్క అడిగిన మాత్రమున పెట్టె తెరచినాడు అన్న భాగమును మనమెందుకో త్వరగా దాటిపోవుదుము. ఆనాడు ఆ ఉపాధ్యాయురాలు నన్ను అడిగినది అంతే: పెట్టె తెరువుమని.

నాదెళ్లవారి గ్రంథమును గూర్చి ఒక ఆక్షేపణ మిగిలియున్నది. సహానుభూతిని ఇంతగా బోధించు నాయకుని యేలుబడిలోనే 2014 జూలైలో 18,000 మంది వరకు ఉద్యోగులను తగ్గించునట్లు ప్రకటన వెలువడినది. 2023 జనవరిలో 10,000 మంది. 2025లో మే, జూలై నెలలలో కలిపి ఇంచుమించు 15,000 మంది. 2024 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరమునకు ఆయనకు ముట్టిన మొత్తము, అధిక భాగము వాటాల రూపమున, 7 కోట్ల 91 లక్షల డాలర్లు. న్యాయముగా ఇంకొకటియు చెప్పవలె: సంస్థ భద్రతలో జరిగిన లోపములకు బాధ్యత వహించి, ఆ యేడు తన నగదు బోనసును తగ్గింపుమని ఆయనయే కోరినారు, తగ్గించినారు. లక్కమ్మ చల్లి రమ్మన్న గింజలలో కొన్నియైనను అవి.

వీధిలో ఏడ్చు బిడ్డను ముందు ఎత్తుకొనవలెనని నేర్చిన మనిషి పదివేలమందిని ఎట్లు పంపగలిగినాడు? పెద్ద సంస్థ నడుపువారు ఈ ప్రశ్నకు మార్కెట్టు, పోటీ, సాంకేతిక పరిణామము అని చెప్పుదురు. అందులో కొంత నిజముండవచ్చును. మూతపడనిచ్చుట కంటె కొందరిని పంపుట మేలన్న సందర్భములు లేకపోలేదు. కాని లాభములు పెరుగుచున్న సంవత్సరములలో జరిగిన ఉద్వాసనకు ఆ సమాధానము చాలదు. పుస్తకములోని సహానుభూతి ఎదుటనున్న మనిషి మీద చక్కగా పనిచేయుచున్నది: కుమారుడు, భార్య, జట్టులోని కుర్రవాడు. జాబితాలోని అంకె దగ్గరకు వచ్చునప్పటికి దాని గొంతు తగ్గినది. ఇది ఆయన ఒక్కరి లోపమని నేను అనను. నా ఎదుట ఒక్కతె మాత్రమే నిలిచియున్నది. అంకె కాదు, మనిషి. ఐనను నా గొంతు పెగలలేదు.

హరళయ్య, మధువరసుల బిడ్డల పెండ్లి కారణముగా ఆ ఇద్దరు తండ్రులకును కల్యాణమున మరణదండన విధింపబడగా, బసవన్న మంత్రిపదవిని విడిచి కూడలసంగమమునకు పోయినాడని మన సంప్రదాయము చెప్పుచున్నది. తన వెంట నడచినవారికి కీడు జరిగినప్పుడు పీఠము మీద కూర్చుండుట ఆయన వల్ల కాలేదు. దీనిని నేటి కార్యనిర్వహణాధికారులకు నియమముగా పెట్టవచ్చునని నేను వాదింపను. అట్టి మూల్యము చెల్లించిన నాయకుడు ఒకడు ఉండెనని తెలిసియుండుట వేరు సంగతి.

ఇదంతయు కాగితము మీద పెట్టి మా మనుమరాలికి పంపితిని. "తాతా, ఇంత పొడుగు ఎవరు చదువుతారు?" అని నవ్వినది గాని చదివినది. తాను ఆరేండ్లలో చేసిన పనుల పట్టికయు, తన స్థానములో ఇతర సంస్థలు ఇచ్చు జీతముల వివరమును ఒక పుటలో వ్రాసి మేనేజరుకు ఇచ్చినదట. పుస్తకము నా యొద్ద నుండి తెప్పించుకొని, ఫీనిక్స్ సభను గూర్చిన పుట దగ్గర కాగితము ముక్క పెట్టి, దానితో కూడ తిరిగి ఇచ్చినది. వచ్చే నెలలో చెప్పుదునని ఆయన అన్నాడట.

ఆ ఉపాధ్యాయురాలు బళ్లారి వైపు కొడుకు దగ్గర ఉన్నదని ఈ మధ్య ఒక పాత విద్యార్థి చెప్పినాడు. ఇప్పుడు ఆమెకు ఎనుబది యేండ్లకు దగ్గర ఉండును. జాబు వ్రాయుటయా, స్వయముగా పోవుటయా అని తేల్చుకొనలేక, ఆదోని మీదుగా పోవు రైళ్ల వేళలు మాత్రము అడిగి తెలుసుకొంటిని.